కానూరు గేమింగ్ కేఫ్‌కు నెలవారీ పాస్: ఏ గంటలు అమ్మాలి, ఏవి అమ్మకూడదు

క్లయింటు ఒక గేమింగ్ కేఫ్ యజమాని. విజయవాడ బందరు రోడ్డు నుంచి కానూరు ఇంజినీరింగ్ కాలేజీల వైపు తిరిగే వీధిలో, మొదటి అంతస్తులో ఆయన హాలు. ఇరవై పీసీలు, నాలుగు పీఎస్5లు (సోనీ ప్లేస్టేషన్ 5 ఆట మెషీన్లు), రెండు ఏసీలు, కౌంటర్ పక్కన ఒక ఫ్రిజ్. ఆయన నన్ను అడిగింది ఒక్కటే: "మేడం, గేమ్ పాస్ లాగా మనం కూడా నెలకింత అని పెట్టేద్దాం. ఎంత పెట్టాలో చెప్పండి." గేమ్ పాస్ అంటే నెల చందా కడితే ఒక జాబితాలోని ఆటలు ఆడుకోనిచ్చే మైక్రోసాఫ్ట్ పథకం. అంకె ఆయన మనసులో అప్పటికే ఉంది. నెలకు 1,499 రూపాయలు, ఎన్ని గంటలైనా ఆడుకోవచ్చు. ఫ్లెక్సీ డిజైన్ కూడా ఫోనులో సిద్ధంగా పెట్టుకున్నారు.

చిన్న వ్యాపారాలకు ధరలు కట్టిపెట్టడం నా వృత్తి. ధర చెప్పమని వచ్చేవాళ్లలో సగం మంది తాము అనుకున్న ధరకు ముద్ర వేయించుకోవడానికే వస్తారు. ఈయన ఆ రకం కాదు. వద్దంటే ఎందుకు వద్దో అడుగుతారు, వింటారు, మర్నాడు కొత్త వాదనతో వస్తారు. అందుకే ఈ కేసు రాయదగ్గదిగా తయారైంది. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. కేఫ్ పేరు చెప్పను, అంకెలను కాస్త గుండ్రంగా సర్దాను.

రిజిస్టర్‌లో ఉన్నది

ధర గురించి మాట్లాడే ముందు రిజిస్టర్ చూపించమన్నాను. పొడుగాటి బైండు పుస్తకం. చేతితో గీసిన గళ్లు: పేరు, సిస్టం నంబరు, వచ్చిన టైము, వెళ్లిన టైము, డబ్బు. చివరి గడిలో ఒకే అక్షరం. ఫోన్‌పే అయితే "ఫో", నగదు అయితే "న". ఏ రోజు పేజీ తీసినా పై సగంలో చేతిరాత నింపాదిగా, గుండ్రంగా, పూర్తి పేర్లతో ఉంటుంది. సాయంత్రం అయిదు దాటేసరికి అక్షరాలు వాలిపోతాయి. పేర్లు పోయి "ఎర్ర చొక్కా", "కేఎల్ బ్యాచ్ 5" మిగులుతాయి. తొమ్మిది ప్రాంతంలో కొన్ని వరుసల్లో వెళ్లిన టైమే ఉండదు. ఆ కేఫ్ వ్యాపారం ఎలా నడుస్తోందో చెప్పడానికి ఆ చేతిరాత మారిన తీరు చాలు.

లెక్క వేస్తే ఇలా తేలింది. ఉదయం 10 నుంచి రాత్రి 11 దాకా 13 గంటలు, ఇరవై పీసీలు, అంటే రోజుకు 260 సీటు గంటలు. సాయంత్రం 5 నుంచి 10 దాకా ఉన్న వంద గంటలూ దాదాపు నిండిపోతాయి. మెట్ల మీద నిలబడి, విసిగి వెళ్లిపోయేవాళ్లు కూడా ఉంటారు. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా ఉన్న 120 గంటల్లో అమ్ముడయ్యేవి అయిదో వంతు. మిగతావి ఏసీ గాలి పీల్చుకుంటూ ఖాళీగా పోతాయి.

పీసీ గంటకు 60 రూపాయలు. 1,499 పాస్ గిట్టాలంటే కొన్నవాడు నెలకు 25 గంటలు ఆడాలి. మరి ఎవరు కొంటారు? నెలకు పది గంటలు ఆడే కుర్రాడికి ఇప్పుడు 600 అవుతోంది, వాడు ఆ పాస్ వైపే చూడడు. నెలకు పాతిక రోజులు సాయంత్రం మూడు గంటలు కూర్చునేవాడు, అంటే నెలకు 75 గంటలకు 4,500 ఇస్తున్నవాడు, ఫ్లెక్సీ కట్టిన రోజే వచ్చి కొంటాడు. కేఫ్‌కు అతి ముఖ్యమైన ఖాతాదారుడి దగ్గర నెలకు మూడు వేలు వదులుకోవడమే కాదు, రద్దీ వేళ సీటు కూడా అతనికే రాసిచ్చినట్టు. డబ్బు కట్టాడు కాబట్టి ఇక లేవడు కూడా.

"మరి మైక్రోసాఫ్ట్‌కు ఎలా గిట్టింది?" అన్నారు ఆయన. మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికే ఎక్కువ సమయం పట్టింది.

మైక్రోసాఫ్ట్ అమ్మింది ఏమిటి, సోనీ అమ్మింది ఏమిటి

నెల చందాకు ఆటలు ఇవ్వడం కొత్త ఆలోచన కాదు. 1994లోనే అమెరికాలో సెగా కంపెనీ కేబుల్ టీవీ తీగ మీదుగా నెలకు సుమారు 15 డాలర్లకు ఆటలు పంపింది. మెషీన్ ఆపితే ఆట పోయేది, 1998లో ఆ సర్వీసే పోయింది. ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి మొదలు 2017 జూన్ 1. ఆ రోజు మైక్రోసాఫ్ట్ నెలకు 9.99 డాలర్లకు ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ తెచ్చింది. మొదట అందులో ఉన్నవన్నీ అప్పటికే అమ్ముడై, అమ్మకాలు చల్లబడిన ఆటలు. అక్కడే ఆగి ఉంటే అది తెలివైన, సాదాసీదా వ్యాపారం.

2018 జనవరిలో మైక్రోసాఫ్ట్ దారి మార్చింది. తన సొంత స్టూడియోల ఆటలన్నీ విడుదలైన రోజే పాస్‌లో ఉంటాయని ప్రకటించింది. ఆ మార్చిలో "సీ ఆఫ్ థీవ్స్"తో మొదలుపెట్టింది. ఎక్స్‌బాక్స్ అమ్ముతూ, ఆ తరం కన్సోళ్ల (టీవీకి తగిలించే ఆట మెషీన్ల) పోటీలో సోనీ పీఎస్4 చేతిలో బాగా వెనకబడిన కంపెనీ అది. మెషీన్ల లెక్కలో గెలవలేమని తెలిశాక పోటీ జరిగే చోటునే మార్చాలనుకుంది. కన్సోల్ కొన్నావా లేదా అన్నది కాదు, నెలనెలా మాకు కడుతున్నావా లేదా అన్నదే లెక్క అంది. దానికి ఎరగా వేసింది తాజా సరుకును. సరుకు చాలకపోతే స్టూడియోలనే కొన్నది. 2020లో బెథెస్డా మాతృసంస్థకు 750 కోట్ల డాలర్ల ఒప్పందం, 2022 జనవరిలో ఆక్టివిజన్ బ్లిజార్డ్‌కు 6,870 కోట్ల డాలర్ల ఒప్పందం. ఈ రెండోది నియంత్రణ సంస్థలను దాటుకుని 2023 అక్టోబరులో పూర్తయింది.

చందాదారులు మొదట బాగానే పెరిగారు. 2020 ఏప్రిల్‌లో కోటి, 2022 జనవరిలో రెండున్నర కోట్లు. 2024 ఫిబ్రవరిలో 3 కోట్ల 40 లక్షలన్నారు గానీ ఆ అంకెను ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. మధ్యలో, 2023 సెప్టెంబరులో, ఆన్‌లైన్‌లో ఆడటానికి కట్టే పాత "లైవ్ గోల్డ్" చందాకు "గేమ్ పాస్ కోర్" అని పేరు మార్చి అందులో కలిపేశారు. పేరు మార్చి పెంచుకున్న సంఖ్యను పెరుగుదల అనడం నా వృత్తిలో కుదరదు.

ఇక్కడ యజమాని ఒక వాదన తెచ్చారు. "వాళ్లకు ఒక కాపీ ఎక్కువ డౌన్‌లోడ్ అయితే ఖర్చేముంది మేడం? నాకు సీటు నిండిపోతుంది, వాళ్లకు నిండదు కదా." సగం నిజం. సర్వర్ ఖర్చు పెద్దదేమీ కాదు. కానీ ఆ ఆటకు దుకాణంలో 70 డాలర్లు పెట్టేవాడు ఇక పెట్టడు. ఆ రాని డబ్బే అసలు ఖర్చు. ఆక్టివిజన్ ఒప్పందాన్ని పరిశీలించిన బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థకు మైక్రోసాఫ్ట్ స్వయంగా చెప్పుకుంది: గేమ్ పాస్‌లో చేరిన తర్వాతి పన్నెండు నెలల్లో ఆటల విడి అమ్మకాలు తగ్గుతున్నాయని. "కాల్ ఆఫ్ డ్యూటీ" లాంటి, ఏటా పూర్తి ధరకు లక్షలాది మంది కొనే ఆటను 2024 అక్టోబరులో మొదటి రోజే పాస్‌లో పెట్టడం అంటే ఈ కేఫ్‌లో శనివారం సాయంత్రం ఏడు గంటల సీట్లను చందాలో ఇచ్చేయడమే.

దాని ఫలితం ధరల పట్టికలో కనిపిస్తుంది. 2024లో పై తరగతి అల్టిమేట్ 19.99 డాలర్లయింది. కొత్తగా పెట్టిన స్టాండర్డ్ తరగతిలో తొలిరోజు ఆటలు ఉండవన్నారు. 2025 అక్టోబరు 1న అల్టిమేట్ ఒక్కసారిగా 29.99కి చేరింది. మన దగ్గర కథ ఇంకా ఘాటు. 2022లో పీసీల కోసం ఇచ్చే గేమ్ పాస్‌ను నెలకు 489 రూపాయల నుంచి 349కి దించి, మొదటి నెల 50 రూపాయలకే ఇచ్చి అలవాటు చేసి, 2025 అక్టోబరులో కొత్తగా చేరేవాళ్లకు 939 చేశారు. గేమ్ పాస్ ఏడాది రాబడి దాదాపు 500 కోట్ల డాలర్లకు చేరిందని 2025లో కంపెనీ చెప్పుకుంది కాబట్టి అది విఫలమైందని నేను అనను. తాజా సరుకు చందాలో పెడితే దాని ధర ఎప్పటికో ఒకప్పుడు చందాలోకి ఎక్కక తప్పదని మాత్రం అంటాను. విండోస్, క్లౌడ్ ఆదాయం వెనక ఉన్న కంపెనీ అంతకాలం ఓపిక పట్టగలిగింది. కానూరులో అద్దె ప్రతి నెలా అయిదో తారీఖున కట్టాలి.

సోనీ ఇంకో దారిన వెళ్లింది. 2022 జూన్‌లో ప్లేస్టేషన్ ప్లస్‌ను మూడు తరగతులు చేసింది. మన దేశంలో నెలకు 499, 749, 849 రూపాయలతో మొదలయ్యాయి. క్లౌడ్ ఆట (డౌన్‌లోడ్ చేయకుండా నెట్ మీదే ఆడటం) ఇక్కడ లేదు కాబట్టి పై తరగతికి ప్రీమియం బదులు డీలక్స్ అని పేరు. సొంత పెద్ద ఆటలను మొదటి రోజే ఇందులో పెట్టబోమని సోనీ ప్లేస్టేషన్ విభాగానికి అప్పటి అధిపతి జిమ్ రయన్ అప్పట్లోనే తేల్చి చెప్పారు. అలా పెడితే ఆటల మీద అంత పెట్టుబడి పెట్టలేమన్నది ఆయన వాదన. 2022 ఫిబ్రవరిలో వచ్చిన "హొరైజన్ ఫర్‌బిడెన్ వెస్ట్" ఏడాది తర్వాత ప్లస్‌లోకి వచ్చింది. 2022 నవంబరులో వచ్చిన "గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్" 2025 జనవరిలో. ఆగలేనివాడు మొదటి వారమే 4,999 పెట్టి కొన్నాడు, ఆగగలిగినవాడు చందాలో ఆడాడు. ఒకే ఆటకు రెండుసార్లు వసూలు, రెండు రకాల మనుషుల దగ్గర.

ఇదంతా కౌంటర్ దగ్గరే మాట్లాడుకుంటున్నాం. మధ్యాహ్నం పూట యజమాని నాన్నగారు గల్లా దగ్గర కూర్చుంటారు. ఆయన ఒకప్పుడు సత్యనారాయణపురంలో అద్దె పుస్తకాల షాపు నడిపారు. పేపర్ మడిచి పక్కన పెట్టి, "చూడమ్మా, కొత్త నవల వచ్చిన వారం మేము అద్దె రెట్టింపు తీసుకునేవాళ్లం. నెల తిరిగితే మామూలు అద్దె. ఇంకా పాతబడితే డిపాజిట్ కట్టినవాడు సంచీ నిండా పట్టుకెళ్లినా అడిగేవాళ్లం కాదు. దీనికి ఇంత చర్చ ఎందుకు?" అన్నారు. సోనీ విధానాన్ని ఇంతకన్నా పొట్టిగా చెప్పడం నావల్ల కాదు.

నేను యజమానికి చెప్పదలచుకున్నదీ ఇదే. చందాలో పెట్టవలసింది అమ్ముడుపోకుండా మిగిలేదాన్ని. సోనీకి మిగిలేవి పాత ఆటలు. ఈ కేఫ్‌కు మిగిలేవి పగటి గంటలు. రెండింటికీ ఒక్కటే పరీక్ష: చందాలో ఇవ్వకపోతే దీనికి ఈ రోజు పూర్తి ధర వచ్చేదా? వచ్చేదైతే ఇవ్వకూడదు.

ఆటల జాబితా సంగతి

ఆయన ఫ్లెక్సీలో ఇంకో మాట కూడా ఉంది: "గేమ్ పాస్ గేమ్స్ అన్నీ లభించును". ఒక్కో పీసీలో ఒక్కో వ్యక్తిగత గేమ్ పాస్ ఖాతా తెరిచి ఉంచాలన్నది ఆలోచన. దీన్ని అక్కడికక్కడే ఆపేయమన్నాను. ఆ చందాలు వ్యక్తిగత వాడకానికి మాత్రమే, వ్యాపారానికి కాదని వాటి షరతుల్లోనే ఉంటుంది. ప్లేస్టేషన్ చందా కూడా అంతే. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం నడిపే వాల్వ్ సంస్థకు గేమింగ్ కేఫ్‌ల కోసం ప్రత్యేకమైన పథకం ఉంది, స్టీమ్ ఆటలకు ఆ దారిన పోవాలి. ఖాతాలు పట్టుబడతాయా లేదా అన్నది వేరే సంగతి. ఎవరో మూసేయగల ఖాతా మీద మన పాస్ నిలబడకూడదు.

నిజానికి జాబితా అవసరమే లేదని రిజిస్టర్ పక్కన ఉన్న స్క్రీన్లే చెబుతున్నాయి. ఏ సాయంత్రం చూసినా ఎక్కువ స్క్రీన్ల మీద వాలరెంట్, దాని పక్కన కౌంటర్ స్ట్రైక్ 2. రెండూ ఉచితమే. ఇక్కడికి వచ్చేవాళ్లు కొనేది ఆటను కాదు. ఇంట్లో లేని గ్రాఫిక్స్ కార్డును, ఆగిపోని నెట్‌ను, పక్క కుర్చీలో స్నేహితుణ్ని కొంటున్నారు. గేమ్ పాస్ కట్టి అందులోని ఒక్క ఆట కూడా తెరవని ఒక కుర్రాడు ఇక్కడ తగిలాడు. 2022 డిసెంబరు నుంచి గేమ్ పాస్ ఖాతాను వాలరెంట్ తయారుచేసిన రయట్ సంస్థ ఖాతాకు కలిపితే ఆ ఆటలో ఏజెంట్లందరూ, అంటే ఆడుకునే పాత్రలన్నీ, తెరుచుకుంటున్నారు. అతను కడుతున్నది దాని కోసమే. వందల ఆటల జాబితా పెట్టి, చివరికి ఒక ఉచిత ఆటలో తాళాలు తీసినందుకు డబ్బు తీసుకోవడం! చందా వ్యాపారంలో కంపెనీ అమ్ముతున్నామనుకునేది ఒకటి, జనం కొనేది మరొకటి కావడం మామూలే.

పాస్ ఎలా కట్టాం

మేము ఎక్కువగా చూసింది మైక్రోసాఫ్ట్‌నూ కాదు, సోనీనీ కాదు, ఎవరూ పెద్దగా తలచుకోని ఆటల కంపెనీ ఈఏను. 2014లో వచ్చిన ఈఏ యాక్సెస్, ఇప్పటి ఈఏ ప్లే, నెలకు 4.99 డాలర్లతో మొదలైంది. పాత ఆటలు ఎంతసేపైనా. కొత్త ఆట అయితే పది గంటల వరకు రుచి చూడనిస్తుంది. నచ్చి కొంటే పది శాతం తగ్గింపు. పాతది చందాలో, కొత్తది అమ్మకంలో, రెంటి మధ్య ఒక చిన్న తలుపు. కేఫ్‌కు ఇది అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

పగటి పాస్ 599 రూపాయలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు, పీసీల మీద మాత్రమే, ఎన్ని గంటలైనా. సాయంత్రం గంటల మీద పాస్ ఉన్నవాళ్లకు పది శాతం తగ్గింపు, ఒక రోజు ముందే సీటు చెప్పుకునే వీలు. రద్దీ గంటల్లో ఉచితం ఏదీ లేదు.

ధర ఇలా వచ్చింది. పాస్ కొనబోయేవాళ్లలో అందరికన్నా ఆబగా ఆడేవాణ్ని ఊహించుకున్నాను. రోజుకు నాలుగు గంటలు, నెలకు ఇరవై రెండు రోజులు, అంటే 88 గంటలు. ఆడుతున్నప్పుడు గేమింగ్ పీసీ గంటకు అర యూనిట్ కరెంటు తింటుందనుకుందాం, యూనిట్ పది రూపాయలు వేసుకుందాం. మొత్తం 440. ఏసీ, అద్దె, నెట్, కౌంటర్ దగ్గర మనిషి జీతం అతను వచ్చినా రాకపోయినా ఉండేవే. కాబట్టి అందరికన్నా ఎక్కువ వాడేవాడి మీద కూడా చేతి డబ్బు పోదు. కొని రానివాళ్ల పుణ్యాన బతికే ధర నాకు ఇష్టం లేదు. చాలా చందా వ్యాపారాలు అలాగే బతుకుతాయి. బ్రిటన్‌లో 2022 జనవరిలో ఎక్స్‌బాక్స్ చందాల విషయంలో, చాలాకాలం వాడని ఖాతాదారులకు గుర్తుచేసి, అప్పటికీ వాడకపోతే డబ్బు వసూలు ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ నియంత్రణ సంస్థకు మాట ఇవ్వాల్సి వచ్చింది. కానూరులో నియంత్రణ సంస్థ అక్కర్లేదు. వాడని పాస్‌కు డబ్బు తీసుకుంటే ఆ కాలేజీ వాట్సాప్ గ్రూపులే చూసుకుంటాయి.

ఎవరు వస్తారన్నది యజమాని పెద్ద అనుమానం. "పగలు కుర్రాళ్లందరూ క్లాసుల్లో ఉంటారు, అందుకే కదా ఖాళీ." నిజమే. అందుకే పాస్‌ను కాలేజీ గేటు దగ్గర అమ్మలేదు. గన్నవరం పక్కన కేసరపల్లిలో ఐటీ క్యాంపస్ ఉంది. అమెరికా వేళల్లో పనిచేసి మధ్యాహ్నం నిద్ర లేచేవాళ్లు పోరంకి, పెనమలూరు అద్దె గదుల్లో చాలామందే ఉన్నారు. చదువు అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు సాయంత్రం సందడి అక్కర్లేదు, చవకగా, ప్రశాంతంగా ఒక సీటు కావాలి. పద్దెనిమిది నిండనివాళ్లకు పగటి పాస్ అమ్మకూడదని మాత్రం గట్టిగా చెప్పాను. ఇంటర్ కాలేజీ యూనిఫాంతో ఒక్క పిల్లవాడు పన్నెండు గంటలప్పుడు కనిపిస్తే, ఆ తండ్రి వేసే కేక వీధి చివరిదాకా వినిపిస్తుంది.

నెలనెలా ఖాతాలోంచి దానంతటదే డబ్బు వెళ్లే ఏర్పాటు పెట్టలేదు. 2021 అక్టోబరులో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధన అమల్లోకి వచ్చినప్పుడు, ప్రతి వసూలుకూ ముందే సమాచారం ఇవ్వాల్సి రావడంతో, ఎన్నో పెద్ద కంపెనీల చందాలే మన కార్డుల మీద ఆగిపోయాయి. యూపీఐ ఆటోపే 2020 నుంచి ఉంది, వాడుకోవచ్చు. కానీ ఇక్కడ ఎదురుగా మనిషి కూర్చుని ఉంటాడు. నెల అయిపోయాక ఫోన్‌పే చేసి మళ్లీ తీసుకోవడమే. సెమిస్టర్ పరీక్షలప్పుడు పాస్‌ను రెండు వారాలు ఆపుకోవచ్చన్నాం. యజమాని మొదట గునిశారు గానీ, ఆపుకునే వీలు ఉండటం వల్లే మానేయకుండా తిరిగి వచ్చినవాళ్లను చూశాక ఊరుకున్నారు.

లెక్కల పుస్తకంలో ఒక జాగ్రత్త. పాస్ అమ్మిన రోజు చేతికి వచ్చిన 599 ఆ రోజు ఆదాయం కాదు, ఇంకా ఇవ్వాల్సిన గంటల బాకీ. వారానికింత అని విడగొట్టి ఆదాయంలోకి తీసుకోవాలి. జీఎస్టీ నమోదు ఉంటే మాత్రం సేవలకు తీసుకున్న అడ్వాన్సు మీద పన్ను వెంటనే లెక్కకు వస్తుంది. ఈ రెండూ కలగలిపి "మొదటి వారమే ఇంత వచ్చింది" అని కొత్త గ్రాఫిక్స్ కార్డులు కొనేసినవాళ్లను చూశాను.

ఏం జరిగింది

పగటి సీట్లు అయిదో వంతు నుంచి రెండు నెలల్లో సగం దాకా వచ్చాయి. సాయంత్రం రాబడి తగ్గలేదు, కాస్త పెరిగింది కూడా. కొందరు సాయంత్రం వాళ్లు వారం మధ్యలో తమకు సెలవు దొరికిన రోజున పగటికి మారారు. వాళ్లు ఖాళీ చేసిన సీట్లు మెట్ల మీద నిలబడ్డవాళ్లకు పూర్తి ధరకు అమ్ముడయ్యాయి. ముందు ఎవరూ తిరిగి వెళ్లిపోని కేఫ్‌లో ఇదే పాస్ పెడితే ఇంత లాభం కనిపించదు. ఊహించనిది ఫ్రిజ్. మధ్యాహ్నం మూడు గంటలు కూర్చునేవాడికి ఆకలి వేస్తుంది. కూల్‌డ్రింకులు, పఫ్‌లు, నూడుల్స్ మీద మిగిలే డబ్బు కొన్ని రోజుల్లో పాస్‌ల రాబడితో పోటీపడింది.

దసరా సెలవుల్లో గొడవ అయింది. పండగ సెలవు రోజుల్లో పాస్ చెల్లదని కార్డు వెనక చిన్న అక్షరాల్లో వేయించారు యజమాని. ముందువైపు వేయమన్నాను, డిజైన్ పాడవుతుందన్నారు. ఆ వారం పగలు పదకొండుకే హాలు నిండింది. ఒకతను ముగ్గురు స్నేహితులతో వచ్చాడు.

"అన్నా, పాస్ ఉంది కదా, సీటు ఇవ్వండి."

"తమ్ముడూ, సెలవుల్లో పాస్ చెల్లదు. వెనక రాసి ఉంది చూడు."

అతను కార్డు తిప్పి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివి, "డబ్బు తీసుకునేటప్పుడు ముందు పక్కే చూపించారు కదా అన్నా" అన్నాడు. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. యజమాని ఆ రోజు అతనికి సీటు ఇచ్చి, పాస్ ఉన్న అందరికీ మరో వారం గడువు పొడిగించారు. ఇప్పుడు ఆ వాక్యం కార్డు ముందు, లావు అక్షరాల్లో, తెలుగులో ఉంది. జాబితాలోంచి ఆటలు తీసేసేటప్పుడు పెద్ద కంపెనీలు కనీసం ముందే చెబుతాయి, గేమ్ పాస్‌లో అయితే వెళ్లిపోయే ముందు తగ్గింపు ధరకు కొనుక్కోనిస్తారు. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి కూడా చందాలో భాగమే.

మే నెల ఇంకో లెక్క. బెజవాడ ఎండలు తెలిసినవే. కాలేజీలకు సెలవులు, బయట రోహిణి కార్తె, లోపల రెండు ఏసీలు. మధ్యాహ్నం రెండు గంటలకు ఈ హాలు శనివారం సాయంత్రంలా ఉంటుంది. పది నెలలు ఖాళీగా ఉన్న గంటలు ఆ కొన్ని వారాలు ఖాళీ కావు. పాత ఆటలకూ ఇలా జరుగుతుంది. 2024 ఏప్రిల్‌లో ఫాలౌట్ టీవీ సిరీస్ రాగానే ఏళ్ల నాటి ఫాలౌట్ ఆటల మీద జనం ఎగబడ్డారు. కాబట్టి వేసవి సెలవుల్లో కొత్త పగటి పాస్‌లు అమ్మడం ఆపేస్తాం, ఉన్నవాటిని మాత్రం గడువు దాకా గౌరవిస్తాం. మిగిలేది ఏదో సీజన్‌కు ఒకసారి రిజిస్టర్ తిరగేసి కొత్తగా చూసుకోవాలి.

ఇంకా తేలని విషయం ఒకటుంది, నాలుగు పీఎస్5లు. "గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6" 2026 నవంబరు 19న వస్తుందని దాని తయారీ సంస్థ రాక్‌స్టార్ ప్రకటించింది. మొదట ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్‌ల మీదే. యజమానికి ఇప్పుడే "జీటీఏ మంత్లీ పాస్" ముందస్తుగా అమ్మేయాలని ఉంది. ఈసారి 2,999 అంటున్నారు. నాలుగు మెషీన్లు, రోజుకు పదమూడు గంటలు, ముప్పై రోజులు కలిపితే 1,560 గంటలు. ఒక్కొక్కరు రోజుకు రెండు గంటలు ఆడినా ఇరవై ఆరుగురితో నెలంతా అయిపోతుంది, ఇరవై ఏడో మనిషికి తలుపు మూయాల్సిందే. ఆ ఇరవై ఆరుగురు గంటకు యాభై కన్నా తక్కువే ఇచ్చినట్టు. మామూలు రోజుల్లోనే పీఎస్5 గంటకు వంద తీసుకుంటున్నారు. ఆ లెక్క కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి రిజిస్టర్‌లో పెట్టుకుని, "మరి 5,999 అయితే?" అన్నారు.